కరువు రోజుల్లో దీపం నిలుపుకోవడం ఎలా?

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడితే. ఇక్కడ పుట్టినవాళ్లకు ఆకాశం వైపు చూడటం ఎవరూ నేర్పక్కరలేదు. అయితే పైకి చూసి చూసి మెడ పట్టేసినప్పుడు, పిలిచి పిలిచి గొంతు ఎండినప్పుడు, లోపల ఉన్న భక్తి ఏమవుతుంది, మనసు ఏమవుతుంది అన్నది మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

మా నాన్న పోయిన ఏడాదే మా తమ్ముడు వేయించిన నాలుగో బోరు కూడా ఎండిపోయింది. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. మా అమ్మ మాత్రం సాయంత్రం దీపం మానలేదు. నేను మానేశాను. ఎనిమిది నెలలు పూజగది గడప దాటలేదు. తమ్ముడైతే తన ఇంట్లో దేవుడి పటాలన్నీ దించి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ తర్వాత వాడు అన్నం మానేశాడు, మాట మానేశాడు. ఇప్పుడు వాడు రాత్రి డాక్టరు ఇచ్చిన మాత్ర వేసుకుంటాడు, శనివారం భజనలో తాళం పట్టుకుని కూర్చుంటాడు. ఈ రెండింటికీ తగువు లేదని తెలుసుకోవడానికి మా ఇంటికి రెండేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

నేను హిందువుల ఇంట్లో పుట్టాను. మా వీధిలో మసీదు ఉంది, వీధి చివర చర్చి ఉంది. కష్టం అన్ని ఇళ్ల తలుపులూ ఒకేలా తడుతుంది గనుక ఇందులో చెప్పినవి ఎవరి దేవుడితో వాళ్లు చేసుకోవచ్చు.

ముందు అన్నం, నిద్ర

కష్టం మీద పడిన మొదటి రోజుల్లో ప్రార్థన కుదరడం లేదని బాధపడకండి. ముందు తినండి. రెండు పూటలు కాకపోతే ఒక పూటైనా వేడిగా, కూర్చుని తినండి. కూర వండే ఓపిక లేకపోతే రాగి సంగటి, కాస్త పప్పు చాలు. అది కూడా చేతకాకపోతే పక్కింటివాళ్లను అడగండి. మన ఊళ్లలో చావు జరిగిన ఇంటికి బంధువులు అన్నం వండి తెచ్చే ఆచారం ఊరికే పుట్టలేదు. పంట పోయిన ఇంటికి, ఉద్యోగం పోయిన ఇంటికి కూడా అలాగే తేవాలని నేను గట్టిగా నమ్ముతాను.

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ ఉంది. ప్రాణభయంతో పారిపోయి, ఒక చెట్టు కింద పడిపోయి, ఇక నా ప్రాణం తీసుకో అని దేవుడిని వేడుకుంటాడు. దేవదూత వచ్చి అతనికి ఉపదేశం చేయలేదు, మందలించలేదు. కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఇచ్చింది. అతను తిని మళ్లీ నిద్రపోయాడు. రెండోసారి లేపి మళ్లీ తినమంది. దేవుడితో సంభాషణ చాలా తర్వాతి మాట. మా పక్కింటి క్రైస్తవ పెద్దావిడ ఈ కథ చెప్పిన రోజు మా తమ్ముడికి చద్ది కలిపి పెట్టింది. ఆమె చెప్పిన కథ కంటే పెట్టిన ముద్ద ముందు లోపలికి వెళ్లింది.

ఈ రోజుల్లో కొత్త ఉపవాసాలు మొదలుపెట్టకండి. ఏకాదశి అయినా, శనివారం అయినా, నలభై రోజుల ప్రార్థనా ఉపవాసం అయినా సరే. ఒంట్లో శక్తి లేని మనిషికి ఆకలి తోడైతే నిద్ర పోతుంది, నిద్ర పోతే ఆలోచన చెడుతుంది. రంజాన్ నెలలోనే రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. ఆ రోజులను తర్వాత పూర్తి చేయవచ్చని ఖురాన్ చెబుతుంది. మీరు ఇప్పటికే చక్కెర జబ్బుకో, మానసిక సమస్యకో మందులు వాడుతుంటే ఉపవాసానికి ముందు డాక్టరును అడగడం తప్పనిసరి.

నిద్ర కోసం మద్యం తాగడం మన ప్రాంతంలో మగవాళ్లు చాలామంది చేసే పని. తాగితే నిద్ర త్వరగా పడుతుంది, కానీ అర్ధరాత్రి దాటాక తెగిపోతుంది. తెల్లవారేసరికి దిగులు రెండింతలు అవుతుంది. ఇంట్లో ఆడవాళ్లకు ఈ మాట చెప్పనక్కరలేదు, వాళ్లకు తెలుసు. చెప్పాల్సింది తాగే మనిషికే, అదీ ఉదయం పూట, మెల్లగా.

పూజను చిన్నది చేసుకోండి

ఇదే నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది. కష్టంలో మనం పూజను పెంచుతాం. ఒక ప్రదక్షిణ చేసేవాళ్లం పదకొండు చేస్తాం, పదకొండు చేసేవాళ్లం నూట ఎనిమిది మొక్కుకుంటాం. మొదటి వారం అంతా ఊపు. మూడో వారానికి ఒళ్లు సహకరించదు. ఒక రోజు తప్పుతుంది. తప్పిన రోజు నుంచి ఇంకో భయం మొదలవుతుంది, మొక్కు చెల్లించలేదు కాబట్టే ఇలా జరుగుతోందేమో అని. అప్పటిదాకా కష్టం ఒక్కటే ఉండేది, ఇప్పుడు కష్టంతో పాటు అపరాధభావం కూడా ఇంట్లో తిష్ట వేస్తుంది.

కాబట్టి తగ్గించండి. ఎంత తగ్గించాలంటే, మీకు జ్వరం వచ్చిన రోజు కూడా చేయగలిగేంత. ఒక వత్తి. ఒక నామం. ఒక కీర్తనలో రెండు పాదాలు. ఏది ఎంచుకున్నా రోజూ జరిగే ఒక పనికి దాన్ని ముడివేయండి. పాలు కాచిన తర్వాత, లేదా పశువులను కట్టేసిన తర్వాత, లేదా బస్సు ఎక్కి కూర్చున్న తర్వాత. గడియారం చూసి చేసే పూజ తప్పిపోతుంది, పనికి ముడివేసిన పూజ నిలుస్తుంది. మా అమ్మ దీపం ఎనిమిది నెలలూ నిలిచింది అందుకే. వీధి దీపాలు వెలగగానే ఆమె చెయ్యి అగ్గిపెట్టె మీదికి వెళ్లేది. నూనె నిండుకున్న రోజు ఒట్టి కుంది ముందు నిలబడి చేతులు జోడించేది. అది కూడా దీపమే అనేది ఆమె.

తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య, మన పాత కడప జిల్లావాడు, ముప్పై రెండు వేల కీర్తనలు రాశాడని సంప్రదాయం చెబుతుంది. రాగిరేకుల మీద చెక్కినవాటిలో మనకు దొరికినవే పన్నెండు వేలకు పైబడి ఉన్నాయి. రోజుకొక్కటైనా స్వామికి పాడటం ఆయన నియమమని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆ లెక్క చూసి మనం గుండెలు బాదుకుంటాం గానీ, ఆ రాశి అంతా పోగైంది ఒక్కో పాటతోనే కదా.

నామం చెప్పే తీరు గురించి కూడా ఒక మాట. ఊపిరి పీల్చేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెట్టండి. వదిలేటప్పుడు నామాన్ని సాగదీసి, ఆరేడు అంకెల కాలం, సన్నగా పలకండి. ఊపిరి వదలడం పీల్చడం కంటే పొడవుగా ఉన్నప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, ఒంట్లో బిగువు సడలుతుంది. జపం చేసేవాళ్లకు, తస్బీహ్ మాల తిప్పేవాళ్లకు ఇది అనుభవంలో ఉన్నదే. ఐదు నిమిషాలు చాలు. దిగులు ముంచుకొచ్చిన ఏ క్షణంలోనైనా, బ్యాంకు వరండాలో బల్ల మీద కూర్చుని కూడా, ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు.

పాత మొక్కులు ఉంటే వాటికి అప్పు చేయకండి. ఊరుకుంద ఈరన్న స్వామికి ఏటా వెళ్లే ఇల్లు మీది అయితే, ఈ ఏడు వెళ్లలేకపోతే, ఇంటి దగ్గర నుంచే చేతులు జోడించి, స్వామీ, ఈసారి కుదరలేదు, పంట వచ్చిన ఏడు వస్తాను అని నోటితో చెప్పండి. మనసులో అనుకోవడం కాదు, బయటికి చెప్పండి. చెప్పిన తర్వాత ఆ బాకీ మీ తల మీద తిరగదు. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి తీర్చిన మొక్కు ఏ దేవుడికీ సంతోషం కలిగించదని నా గట్టి నమ్మకం.

కోపం వస్తే దేవుడి మీదే చూపించండి

దేవుడి మీద కోపం వచ్చిందంటే విశ్వాసం పోయిందని చాలామంది భయపడతారు. నేనూ భయపడ్డాను. ఎనిమిది నెలలు పూజగదిలోకి వెళ్లకపోవడానికి అసలు కారణం అదే. కోపంతో లోపలికి వెళ్లకూడదు అనుకున్నాను.

ఒంటిమిట్ట కోదండరాముడికి భాగవతం అంకితమిచ్చాడని మన సీమలో చెప్పుకొనే పోతన గజేంద్రుడితో ఏమనిపించాడో గుర్తు చేసుకోండి. మొసలి కాలు పట్టుకుంది. బలం పోయింది, ధైర్యం సడలింది. అప్పుడు ఆ ఏనుగు, దీనుల పట్ల ఉన్నాడంటారు, అన్ని దిక్కుల్లోనూ ఉన్నాడంటారు, ఉన్నాడు ఉన్నాడనే ఆ ఒక్కడు ఉన్నాడో లేడో అని అడుగుతుంది. ఆ అనుమానాన్ని పోతన తీసివేయలేదు. అది ప్రార్థన మధ్యలోనే ఉంది. ఆ అనుమానం తర్వాతే విష్ణువు వైకుంఠం నుంచి లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగెత్తాడు. చిన్నప్పుడు ఈ పద్యాలు బడిలో అప్పజెప్పిన మనకు ఈ సంగతి తెలిసీ తెలియనట్టు ఉండిపోయింది.

యాకూబ్ ప్రవక్త కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోయాయని ఖురాన్ చెబుతుంది. నా వేదనను నేను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నాను అన్నాడే తప్ప ఏడవడం ఆపలేదు. కన్నీళ్లు పెట్టుకుంటే ఓర్పు లేదని కాదు.

దీన్ని ఇలా చేయండి. ఒక నోటుపుస్తకం తీసుకోండి. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు దేవుడికి ఉత్తరం రాయండి. తిట్టాలనిపిస్తే తిట్టండి. ఎందుకు మా నాన్ననే తీసుకెళ్లావు, ఎందుకు ఆ ఇంటి బోరులో నీళ్లున్నాయి, మా బోరులో లేవు, ఏది ఉంటే అది. అందమైన మాటలు వెతకకండి. పది నిమిషాలు కాగానే పుస్తకం మూసి, దాన్ని దేవుడి గూట్లో పెట్టి పడుకోండి. పుస్తకం అక్కడ పెట్టడం ముఖ్యం. రాత్రంతా ఆ లెక్కలు మీరు మోయనక్కరలేదని చేతికి అర్థమవుతుంది, చేతికి అర్థమైతే తలకు కూడా కాస్త అర్థమవుతుంది. రాయడం రానివాళ్లు గట్టు మీద కూర్చుని పైకి మాట్లాడవచ్చు. మా తమ్ముడు అదే చేసేవాడు. పొలంలో వాడి గొంతు విని పిచ్చి పట్టిందని ఎవరో అన్నారు. వాడికి పిచ్చి పట్టకుండా ఆపింది అదే అని నేను అనుకుంటాను.

బరువును కాగితం మీద విడదీయండి

అప్పులో ఉన్న మనిషి తన అప్పు మొత్తం ఎంతో సాధారణంగా లెక్క వేయడు. భయం. లెక్క వేయని అప్పు రాత్రిపూట పెరుగుతుంది.

నమ్మకమైన మనిషి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి దానిలో మనిషి చేయగలిగినవి. ఎవరికి ఎంత బాకీ, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ఏ కాగితం ఎక్కడ ఉంది. కరువు మండలంగా ప్రకటించినచోట పంట రుణాన్ని రీషెడ్యూల్ చేయమని బ్యాంకును అడగవచ్చు. పంటల బీమా కిందికి మీ పంట వస్తుందా లేదా రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు. బంగారం కుదువ పెట్టిన రసీదు వెతకవచ్చు. ఇవన్నీ పనులు, వీటికి తేదీలు వేయండి.

రెండో గడిలో మన చేతిలో లేనివి. వాన, ధర, పోయిన మనిషి. ఇవి దేవుడికి వదలాల్సినవి. సాయంత్రం దీపం ముందు ఈ గడిలో ఉన్నవి మాత్రమే చదవండి. మొదటి గడిలో ఉన్నవాటిని దేవుడి మీద పడేయకండి. మానవ ప్రయత్నం, దైవ సహాయం అని మన పెద్దలు రెండు మాటలు విడివిడిగా అన్నది ఇందుకే.

మూడో గడి ఉంది చూడండి, అది చాలామంది ఇళ్లలో నిండి పొర్లుతుంటుంది. నేను పాపం చేశాను, నా జాతకం మంచిది కాదు, కోడలు అడుగు పెట్టిన వేళ బాగాలేదు, అమ్మవారికి జాతర తప్పించాం. ఇవన్నీ అక్కడ రాయండి. రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టేయండి. ఎందుకో చెబుతాను. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటేసరికి తేమను చాలావరకు అక్కడే కురిపించేసి వస్తాయి. మనం ఆ కొండల వాననీడలో ఉన్నాం. ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతం నుంచి వచ్చే వానలు కోస్తా, నెల్లూరు దాటి మన దాకా వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. రెండు వైపులా మనం చివరి పంక్తిలో కూర్చున్నవాళ్లం. ఆ పంక్తిలో నీ కోడలి జాతకం లేదు. నేల పైపొర పలచన, కింద రాయి, బోర్లు ఒకదానికొకటి నీళ్లు లాక్కుంటున్నాయి. మా తమ్ముడికి ఈ మాట ఒక వ్యవసాయాధికారి వివరంగా చెప్పిన రోజున వాడి భుజాలు కాస్త కిందికి దిగాయి, నేను చూశాను. అప్పటిదాకా నాన్న బతికుండగా తాను ఎదురు మాట్లాడినందుకే బోర్లు ఎండాయని వాడు నమ్ముతున్నాడట.

వచ్చినవాళ్ల మాటలకు సిద్ధంగా ఉండండి

ఏ జన్మలో చేసిన పాపమో అనేవాళ్లు వస్తారు. నీకు విశ్వాసం చాలదు, ఇంకా గట్టిగా ప్రార్థించు అనేవాళ్లు వస్తారు. అంతా మన మంచికే అనేవాళ్లు తప్పకుండా వస్తారు. వాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కాదు, మౌనంగా కూర్చోవడం చేతకానివాళ్లు.

వాదించకండి, ఓపిక ఖర్చవుతుంది. ఒకే వాక్యం తయారుగా పెట్టుకోండి: "ఆ మాట ఇప్పుడు వద్దు పెద్దమ్మా, కాసేపు పక్కన కూర్చో." మా ఇంట్లో ఈ వాక్యం చాలాసార్లు పనికొచ్చింది.

భక్తి ఉంటే ఆపద రాదన్న మాట నమ్మకండి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు మంత్రాలయం కూడా మునిగింది. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన చోటే అది. ఆయన సన్నిధికే వరద వచ్చినప్పుడు మీ ఇంటికి వచ్చిన వరదకు మీ భక్తిలో లోపం వెతకడం ఏం న్యాయం? నీళ్లు తీశాక బురద ఎత్తిపోశారు, మళ్లీ పూజలు మొదలయ్యాయి. కర్నూలులో ఆ రోజుల్లో ఇళ్లు కడుక్కున్నవాళ్లను అడగండి, బురద ఎత్తడానికి ఎవరు వచ్చారన్నదే వాళ్లకు గుర్తు.

ఇక డబ్బు అడిగేవాళ్ల సంగతి. దోషం ఉంది, శాంతి చేయాలి, ఇంత అవుతుంది అని ఎవరన్నా, ఏ మతం వేషంలో అన్నా, లేచి బయటికి రండి. మందులు మానేస్తేనే దేవుడు పని చేస్తాడు అన్నవాళ్ల దగ్గరి నుంచి ఇంకా త్వరగా రండి.

ఒక చోటికి వెళ్లి ఊరికే కూర్చోండి

పండుగ రోజు రద్దీలో కాదు, మామూలు రోజున. గుడి, దర్గా, చర్చి, ఏదైనా. కోరిక చెప్పడానికి కాకుండా కూర్చోవడానికి వెళ్లండి. కడపవాళ్లకు ఈ అదృష్టం ఎక్కువ. అమీన్ పీర్ దర్గాలో హిందువులు కూర్చుంటారు, దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొడతారు, స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని. మా జిల్లాలో గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగ చూసినవాళ్లకు ఎవరు ఏ మతమో చెప్పడం కష్టం. కష్టంలో ఉన్న మనిషికి తనలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారని కళ్లతో చూడటం ఒక మందు.

ఒంటరిగా ఉండే అలవాటు పడినవాళ్లకు వారానికి ఒక్కసారైనా నలుగురితో కలిసి చేసే పని ఉండాలి. మన ఊళ్లలో చెక్కభజన ఉంది. పాట రాకపోయినా అడుగు కలపవచ్చు, అడుగు కలపలేకపోయినా తాళం వేయవచ్చు. మొదటి రెండు వారాలు మా తమ్ముడు గుడి బయట అరుగు మీదే కూర్చున్నాడు. మూడో వారం ఒక పెద్దాయన మాట్లాడకుండా వాడి చేతిలో తాళాలు పెట్టి వెళ్లిపోయాడు. పిలవలేదు, బలవంతం చేయలేదు. మీరు ఆ పెద్దాయన స్థానంలో ఉంటే అలాగే చేయండి.

రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లండి

దుఃఖం రోగం కాదు. నాన్న పోతే ఏడుస్తాం, పంట పోతే కుంగుతాం. అయితే రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా, దిగులుగా ఉండి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, దాంతోపాటు నిద్ర తప్పడం, ఆకలి మారడం, ఒంట్లో నీరసం, మాట మీద ధ్యాస నిలవకపోవడం, నేను దేనికీ పనికిరానన్న భావన, చావు తలపులు వస్తుంటే అది కుంగుబాటు కావచ్చు. మన పల్లెల్లో ఇది తలనొప్పిగా, ఒళ్లు నొప్పులుగా, గుండె దడగా, కడుపులో మంటగా కూడా బయటపడుతుంది. స్కానింగులు అన్నీ బాగున్నాయని చెప్పినా నొప్పి పోని మనిషిని నటిస్తున్నాడని అనకండి.

అనంతపురం, కడప, కర్నూలు మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ తీసుకుని మానసిక వైద్య విభాగం ఎక్కడ అని అడగండి. మీతో పాటు రోగి రోజువారీ తీరు తెలిసిన ఒకరు రావాలి. నిద్ర ఎన్ని గంటలు, ఎప్పటి నుంచి ఇలా ఉంది, తాగుడు ఉందా, ఇంతకు ముందు ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు. నిజం చెప్పండి. వాడుతున్న మందుల చీటీలన్నీ, ఆకు పసరు అయినా సరే, తీసుకెళ్లండి.

కుంగుబాటుకు ఇచ్చే మాత్రలు తలనొప్పి బిళ్లలా గంటలో పని చేయవు. రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. మొదటి వారం వికారం, కాస్త అలజడి ఉండవచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. మానకండి, డాక్టరుకు చెప్పండి. బాగైపోయింది కదా అని నెల తర్వాత మీ అంతట మీరు ఆపేయడం ఇంకో పొరపాటు. ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. అలవాటు పడిపోతామన్న భయం కొన్ని రకాల నిద్రమాత్రల విషయంలో నిజమే గానీ, కుంగుబాటు మందులు ఆ కోవకు చెందవు.

మేము చేసిన చిన్న ఏర్పాటు ఒకటి చెబుతాను. మాత్రల డబ్బాను అమ్మ దీపపు గూట్లో పెట్టింది. దీపం వెలిగించగానే తమ్ముడికి మాత్ర, మంచినీళ్లు. మొదట్లో వాడికి నచ్చలేదు, ఇక్కడ ఇదేమిటమ్మా అన్నాడు. తీర్థం ఇచ్చినట్టు ఇస్తున్నాను, తాగు నాయనా అంది. ఒక్క రోజు కూడా మాత్ర తప్పలేదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గా దగ్గర మానసిక రోగులకు దువాతో (ప్రార్థనతో) పాటు దవా (మందు) కూడా అందించే ఏర్పాటు ఉందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. మా అమ్మకు అది తెలియదు. ఆమె గూటిలో మాత్రం అదే జరిగింది.

విశ్వాసాన్ని వైద్యానికి అడ్డుపెట్టినప్పుడు ఏమవుతుందో మన దేశం చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ నడిచే ఆశ్రమాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. నయమవుతుందన్న ఆశతో బంధువులు అక్కడ వదిలిన మానసిక రోగులు గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేకపోయారు, 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని చెబుతోంది. వైద్యం పొందడం హక్కు అని కూడా అదే చట్టం చెబుతోంది. ఇంట్లో ఎవరినైనా ఎక్కడికైనా తీసుకెళ్లి వదిలేయమని బంధువులు సలహా ఇస్తే ఈ సంగతి చెప్పండి.

చావు తలపు వస్తే, ఆ క్షణంలోనే

మీకే వస్తే, ఒక మనిషికి చెప్పండి. అది పాపమని దాచుకోకండి. 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఉంటే 108.

ఇంట్లో ఇంకొకరికి వచ్చిందని అనుమానం ఉంటే నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే గుండె మీద బండ జరుగుతుంది. అవును అంటే ఒంటరిగా వదలకండి, తెల్లారేదాకా ఒకరు పక్కన ఉండండి, మర్నాడే ఆసుపత్రికి వెళ్లండి. పొలానికి కొట్టే మందుల డబ్బాలు ఇంట్లో ఉంటే ఆ రోజే బయటికి పంపండి. అసలు ఇంట్లో ఎప్పుడూ పెట్టకండి. తాళం వేసిన చోట, తాళంచెవి వేరొకరి దగ్గర ఉండాలి. ఆ తలపు చాలాసార్లు ఒక ఉప్పెనలా వచ్చి కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే మనిషి బతుకుతాడు. ఎవరైనా ప్రయత్నించి బయటపడితే తిట్టకండి, పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి. 2017 చట్టం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్ష కాదు సంరక్షణ ఇవ్వాలని చెబుతోంది.

మళ్లీ వచ్చే రోజుల కోసం

కోలుకున్నాక కూడా కొన్ని రోజులు బరువుగా వస్తాయి. సంవత్సరీకం, పంట పోయిన నెల, తొలకరి ఆలస్యమైన వారం, బ్యాంకు నోటీసు వచ్చిన తేదీ. వాటిని కేలండర్లో ముందే గుర్తు పెట్టుకోండి. ఆ రోజు పెద్ద పనులేమీ పెట్టుకోకండి. చిన్న పూజ చాలు, నోటుపుస్తకం దగ్గర ఉంచుకోండి.

నాన్న సంవత్సరీకం నాడు మేము తమ్ముడిని ఒంటరిగా పొలానికి పంపం. పటాలు అటక మీద నుంచి ఎప్పుడు దించాడో వాడు చెప్పలేదు, మేము అడగలేదు. ఒక రోజు గోడ మీద ఉన్నాయి. సంవత్సరీకం ఉదయం నేను వాడితో పాటు పొలానికి వెళ్తాను. ఎండిన నాలుగో బోరు పక్కన గట్టు మీద కూర్చుని డబ్బాలో తెచ్చిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. నాన్నకు బజ్జీ ఇష్టం. ఒకటి ఆకులో పెట్టి కాకికి వదులుతాం. అది వచ్చి ఎత్తుకెళ్లేదాకా వాడు లేవడు.